రోడ్డు వైపు తిప్పిన బూట్లు

నర్సింహులు బూట్లు తొడుక్కున్నది నలభై ఏడో ఏట, అదీ కూతురి పోరు పడలేక. పంజగుట్ట సందులో బండి మీద గుట్టగా పోసి అమ్మే బూట్లలోంచి యశస్విని ఒక జత ఏరి, అతన్ని అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి లేసులు బిగించింది.

"ఎట్లున్నయి డాడీ?"

"ఎడ్ల మూతికి చిక్కాలు కట్టినట్టున్నది నా కాళ్ళకు," అన్నాడు.

"గంతే ఉంటది మొదట. రెండు రోజులు ఉరుకు, అలవాటైతది."

అతను తలాడించాడు. బూట్ల సంగతి కాదు అతని బాధ. ఆదివారం నాడు ఆ బూట్లు వేసుకొని పరిగెత్తిన తరువాత, సైకిలు తొక్కిన తరువాత, చివర్లో ఎక్కాల్సిన యాభై అడుగుల గోడ ఒకటి ఉంది. ఆ గోడ తలపుకు వచ్చినప్పుడల్లా కుడిచెయ్యి సన్నగా వణికేది. వెంటనే దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకునేవాడు. ఎనిమిది నెలలుగా ఆ చెయ్యికి జేబే ఇల్లయింది.

అమీర్‌పేటలో తల ఎత్తి చూసినవాడికి ముందు బోర్డులు కనిపిస్తాయి, ఆ సందుల్లోంచి ఎక్కడో ఆకాశం. కంప్యూటరు కోర్సులు, బ్యాంకు పరీక్షలు, పోలీసు ఉద్యోగాలు, నవ్వుతున్న ర్యాంకర్ల ముఖాలు. ప్రతి బోర్డు వెనకా ఇనుప చట్రం ఉంటుంది. ఆ పనివాళ్ళు దాన్ని ఫ్రేము అంటారు. ఫ్లెక్సు గుడ్డను ఆ ఫ్రేము మీదికి లాగి, నాలుగు వైపులా వైరుతో బిగించి కట్టడం నర్సింహులు పని. ఇరవై నాలుగేళ్ళ పని. సంగారెడ్డి పక్క పల్లె నుంచి తండ్రి వెంట సున్నాలు వేసే పనికి వచ్చాడు. తండ్రి పోయాక నిచ్చెన మీద నుంచి ఫ్రేము మీదికి మారాడు. చదివింది ఏడో తరగతి. అయినా ఏ కోర్సు ఏ ఏడు వచ్చిందో, ఏది ఏ ఏడు పోయిందో అతను చెప్పినంత ఖచ్చితంగా ఆ కోర్సులు నేర్పేవాళ్ళు కూడా చెప్పలేరు. వాటి పేర్లు కట్టిన చేతులు అవే, విప్పిన చేతులూ అవే.

ఆ పనికి రెండు ఆనవాయితీలున్నాయి. ఎవరు పెట్టారో తెలియదు, తప్పినవాణ్ణి మాత్రం అతను చూడలేదు. ఒకటి, ఫ్రేము కింద చెప్పులు విప్పి, వాటి ముక్కులు రోడ్డు వైపు తిప్పి జంటగా పెట్టాలి. పైకెక్కినవాడు దిగి వచ్చి, వాటిలో కాళ్ళు పెట్టి, తిన్నగా ఇంటికి పోవాలని. రెండోది, పైన ఇద్దరున్నప్పుడు మూల మారేముందు ఒకడు "ఉన్నవా?" అని కేకేయాలి. రెండోవాడు "ఉన్న" అన్నాకే కాలు కదపాలి. గుడ్డ అడ్డం ఉంటుంది కాబట్టి ఒకరికొకరు కనపడరు. ఆ ఒక్క మాటే చూపు. బెల్టులు, తాళ్ళు ఎవరూ వాడరు. బెల్టు బిగించుకుంటే పని నడవదంటారు.

ఎనిమిది నెలల క్రితం ఎస్.ఆర్. నగర్ మలుపులో ఒక ఫ్రేము మీద అతనూ కనకయ్యా ఉన్నారు. కనకయ్య అతనికంటే ఎనిమిదేళ్ళు పెద్ద, పని నేర్పినవాడు. నర్సింహులు "ఉన్నవా అన్నా?" అన్నాడు. "ఉన్న" అన్నాడు కనకయ్య. ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే తుప్పు పట్టిన ఇనుప పట్టీ ఒకటి విరిగింది. మనిషి లేడు. ఇరవై రెండు అడుగులు. ప్రాణం దక్కింది, తుంటి దక్కలేదు. అంబులెన్సు వెళ్ళిపోయాక చూస్తే కనకయ్య చెప్పులు ఫ్రేము కింద అట్లాగే ఉన్నాయి, ముక్కులు రోడ్డు వైపు పెట్టుకొని.

ఆ తరువాత నర్సింహులు ఎక్కలేదు. రెండు సార్లు ప్రయత్నించాడు. మూడో మెట్టు మీద నుంచే దిగి వచ్చేశాడు. బీహారు నుంచి వచ్చిన ఇద్దరు పనివాళ్ళకు మోకాలు నొప్పి అని చెప్పి, వాళ్ళను పైకి పంపి, కింద నిలబడి "జర కుడికి, జర మీదికి" అంటూ చెయ్యి ఊపుతున్నాడు. ఇంట్లో మాత్రం ఆ మోకాలు మాట కూడా ఎత్తలేదు. ఎత్తితే భార్య సుకన్య నూనె కాచి మర్దనా చేస్తానంటుంది, ఆమె చెయ్యి పడితే అబద్ధం రెండు రోజులు నిలవదు. అందుకని రోజూ ఎప్పటిలాగే సంచిలో వైరూ, పట్టకారూ వేసుకొని బయలుదేరేవాడు. ఎప్పటిలాగే వచ్చేవాడు. ఎక్కడం తప్ప ఇంకేమీ రాని మనిషి ఎక్కలేకపోతే మిగిలేదేమిటి? ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని అతని భయం. అడగకముందే తనకు తాను రోజూ వేసుకునేవాడు.

ఇంతలో సూర్యనారాయణ గారు ఈ పోటీ తెచ్చిపెట్టారు. పోలీసు ఉద్యోగాలకు శిక్షణ ఇచ్చే సంస్థ ఆయనది, భీమవరం వైపు మనిషి. యశస్విని అక్కడే కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. ఆ బిల్డింగు బోర్డులన్నీ కట్టేది నర్సింహులే.

"ఏంటయ్యా, మీ అమ్మాయి పరుగు ఎప్పుడైనా చూశావా? మగపిల్లలు కూడా వెనకబడుతున్నారు," అన్నారాయన ఒకరోజు ఆఫీసులోకి పిలిచి. "వచ్చే ఆదివారం ఒక పోటీ ఉంది. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరు జట్టుగా దిగాలి. ఇద్దరూ పరిగెత్తాలి, సైకిలు తొక్కాలి. చివర్న ఒకళ్ళు గోడ ఎక్కితే చాలు. మన సంస్థ పేరున మీ ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను."

"నాకెందుకు సార్ గివన్నీ? మస్తు వయసు పిల్లలుంటరు."

"ఎందుకేంటి? అందరూ ఆ గోడ దగ్గరే బిక్కచచ్చిపోతార్ట. నీకది కాఫీ తాగినట్టు. గెలవక్కర్లేదు, పూర్తిచేయండి చాలు. మీ ఇద్దరి ఫోటో మన బిల్డింగు మీద నాలుగో అంతస్తు దాకా వేయిస్తాను." ఆయన ఆగి పకపకా నవ్వారు. "కట్టుకోవాల్సింది మాత్రం నువ్వేనయ్యోయ్!"

నర్సింహులు కూడా నవ్వాడు. నవ్వుతూ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికే యశస్విని గ్రౌండులో తన తోటివాళ్ళందరికీ చెప్పేసింది: "మా డాడీ గోడ మీద బల్లి లెక్క ఎక్కుతడు, చూడుండ్రి."

ఆ వారమంతా పొద్దున కూతురి వెంట పరిగెత్తేవాడు, పక్కటెముకలు పట్టేసేవి, అదే నయమనిపించేది. కాలు మడతపడితే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు కూడా. అంతలో పక్కన పరిగెత్తుతున్న కూతుర్ని చూసి సిగ్గుపడేవాడు. గురువారం సాయంత్రం కనకయ్య ఇంటికి వెళ్ళాడు. కనకయ్య కర్ర పక్కన పెట్టుకొని గడప మీద కూర్చున్నాడు.

"ఏంది తమ్మీ, పందెంల ఉరుకుతున్నవంట? గా సుకన్య చెప్పింది. గీ వయసుల నీకేం పుట్టింది?"

"నాకేం పుట్టలేదన్నా. పుట్టిన పిల్ల తగిలించింది."

కనకయ్య నవ్వాడు. కాసేపయ్యాక నవ్వు ఆపి అతన్ని పరీక్షగా చూశాడు. "ఎక్కుతున్నవా మల్ల?"

నర్సింహులు రోడ్డు మీద పోయే బస్సులను చూశాడు. కనకయ్య రెట్టించలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి అమీర్‌పేట మెట్రో స్తంభాల కింద మూడు వందల జతల కాళ్ళు చేరాయి. ఛాతీకి నెంబరు గుడ్డ. నూట పదిహేడు. నిర్వాహకుల అమ్మాయి ఒకతె వంగి అతని కుడి బూటు లేసుకు గోరంత ప్లాస్టిక్ బిళ్ళ కట్టబోయింది.

"అయ్యో, నా కాళ్ళు ముట్టుకోకు బిడ్డా, నేను కట్టుకుంట."

"పర్లేదు అంకుల్. ఈ చిప్ మాత్రం మీ మీదే ఉండాలి. ఎక్కడెక్కడ నల్ల చాపలు పరిచామో, వాటి మీదుగా పోయినప్పుడు మీరు వచ్చినట్టు ఇదే కంప్యూటర్‌కి చెప్తుంది."

అతను తలాడించాడు. ఆ వేళ అతనికి ఎవరేం చెప్పినా తలాడించడమే.

పరుగు నాలుగు కిలోమీటర్లు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ సందుల్లోంచి తిరిగి పంజగుట్ట చేరాలి. యశస్విని అడుగు తగ్గించి అతని పక్కనే పరిగెత్తింది. "ముక్కుతోని పీల్చు డాడీ. నోరు తెరవకు." దారంతా అతను కట్టిన బోర్డులే. ఒక్కొక్క ఫ్రేమునూ కంటితో కొలుస్తూ పోయాడు. ఇది పద్దెనిమిది అడుగులు, ఇది ముప్పై. మలుపులో ఆ ఫ్రేము వచ్చింది. ఇప్పుడు దాని మీద కొత్త పట్టీలు, కొత్త బోర్డు, ఎవరో కళ్ళద్దాల అబ్బాయి బొటనవేలు చూపిస్తున్నాడు. నర్సింహులు తల దించుకొని తారురోడ్డును చూస్తూ దాటాడు.

సైకిలు మీద కొంత తేలికపడ్డాడు. పంజగుట్ట నుంచి ఖైరతాబాదు మీదుగా లక్డీకాపూల్, అక్కడ తిరిగి వెనక్కి. నిర్వాహకులిచ్చిన సైకిలుకు ఇరవై గేర్లున్నాయి, అతను ఒక్కటీ ముట్టుకోలేదు. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ మ్యాన్‌హోల్ మూత లేచి ఉందో అతనికి తెలుసు. ముందు పోతున్న కుర్రవాళ్ళు ఎగిరిపడుతుంటే అతను పక్కకు తప్పుకొని నిశ్శబ్దంగా దాటిపోయాడు. "డాడీ, ఆగు జర!" అని వెనక నుంచి కూతురు అరిచింది. ఆ అరుపు వినడం బాగుంది. లక్డీకాపూల్ నుంచి ఇంకా ఎంతో దూరం ఉంటే బాగుండుననిపించింది. తొక్కుతూనే ఉండొచ్చు. చేరకపోతే ఎక్కాల్సిన పనే ఉండదు.

చేరారు. పందెం ముగిసే మైదానంలో గోడ నిలబడి ఉంది. నల్లటి పలకలు, వాటి మీద రంగురంగుల బుడిపెలు, పైన చిన్న వేదిక, వేదిక మీద ఇత్తడి గంట. ఎక్కినవాళ్ళు గంట కొట్టి వెనక మెట్ల మీదుగా దిగుతున్నారు. చుట్టూ జనం. సూర్యనారాయణ గారు ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నారు.

యశస్విని పరుగున పోయి తాడు దగ్గర నిలబడింది. జట్టులో ఒకరు ఎక్కితే రెండోవాళ్ళు కింద తాడు పట్టాలి. కేదార్ అనే శిక్షకుడు పక్కనే ఉండి తాడును ఇనుప కొక్కెంలోంచి ఎట్లా లాగాలో, ఎట్లా బిగించాలో చూపిస్తున్నాడు. ఆమె కళ్ళు ఆ కొక్కెం మీదే ఉన్నాయి. నర్సింహులు గోడ అడుగుకు వచ్చాడు. ఎవరో నడుముకూ తొడలకూ పట్టీలు బిగించారు. అతను గోడను వేళ్ళతో ముట్టి కళ్ళకద్దుకున్నాడు. మొదటి బుడిపె మీద అరికాలు ఆనినప్పుడు చల్లగా తగిలింది.

పది అడుగులు చేతులు వాటంతటవే పోయాయి. పదిహేను. కింద నుంచి "నూట పదిహేడు! నూట పదిహేడు!" అని అరుపులు. ఎత్తు ఎంతో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒళ్ళే చెబుతుంది. ఇరవై. ఇరవై రెండు.

అక్కడ ఆగిపోయాడు.

కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. ఇక్కడ దాన్ని దాచుకునే జేబు లేదు. వణుకు భుజానికెక్కింది, అక్కడి నుంచి మోకాళ్ళకు దిగింది. నల్లటి పలక ముక్కుకు ఆనుకొని ఉంది, ఏమీ కనపడదు. వెనక ఎవరున్నారో, కింద ఎవరున్నారో తెలియదు. అరుపులు దూరమయ్యాయి. ఇక వదిలేస్తానేమోననిపించింది. వదిలేస్తే అందరికీ తెలుస్తుంది. ముందుగా ఆ పిల్లకు తెలుస్తుంది.

"ఉన్నవా?" అన్నాడు.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ, ఫ్రేము మీద అరిచినట్టే అరిచాడు. "ఉన్నవా?"

"ఏందీ?"

"ఉన్నవా అంటున్న!"

"ఏడికి పోతా డాడీ?" కింద నుంచి యశస్విని గొంతు చిరాగ్గా వచ్చింది. "తాడు నా చేతులనే ఉన్నది! నడిమిట్ల ముచ్చట్లేంది, జల్ది ఎక్కు!"

జనం గొల్లుమన్నారు. నర్సింహులు ఒళ్ళును ఒక్క వేలెడు వెనక్కి వాల్చి చూశాడు. నడుము దగ్గర పట్టీ బిగిసింది. తాడు అతన్ని పట్టుకుంది. ఇరవై నాలుగేళ్ళలో ఏ తాడూ అతన్ని పట్టుకోలేదు. వణుకు తగ్గలేదు. అది ఎట్లాగూ తగ్గేట్టు లేదని తెలిశాక, వణుకుతున్న చెయ్యినే పైకి చాచాడు. బుడిపె దొరికింది. ఇంకొకటి. ప్రతి బుడిపె దగ్గరా ఇక చాలనుకున్నాడు, ప్రతిసారీ ఇంకొకటి పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టిందో తెలియదు. వేదిక అంచు చేతికి తగిలింది. పైకి పాకి, నల్లటి చాప మీద నిలబడి, గంట కొట్టాడు. ఒక్కసారి కొట్టాల్సింది మూడుసార్లు కొట్టాడు.

వెనక మెట్లు దిగి గోడ అడుగుకు వచ్చి, బూట్లలో కాళ్ళు పెట్టి, కూతురి చెయ్యి పట్టుకొని ముగింపు తోరణం దాటాడు. ఆ తరువాత అరగంటకు కంప్యూటరు తెర మీద ఫలితాలు వచ్చాయి. నూట పదిహేడుకు ఎదురుగా పరుగు ఉంది, సైకిలు ఉంది. గోడ దగ్గర ఖాళీ. పక్కన "అసంపూర్తి" అని ఎర్ర అక్షరాలు.

యశస్విని కంప్యూటరు బల్ల దగ్గరికి దూసుకుపోయింది. "గంట కొట్టిండు గదా! అందరు చూసిన్రు గదా!"

"చూశాం అండి," అన్నాడు కేదార్ ఇబ్బందిగా. "నేనే చెప్తున్నా వాళ్ళకి. కానీ పైన చాప మీద చిప్ పడలేదు. చిప్ పడితేనే లెక్కని రూలు. మాకు మార్చే వీల్లేదు." అతను నర్సింహులు బూటు వైపు చూశాడు. బిళ్ళ లేసుకు చక్కగా కట్టి ఉంది. "సార్, మీరు దీంతోనే ఎక్కారా?"

నర్సింహులు తన కాళ్ళను చూసుకున్నాడు. గోడ అడుగున బూట్లు విప్పినట్టు అప్పటిదాకా అతనికే తెలియదు. ఇప్పుడు గుర్తొచ్చింది. దిగి వచ్చినప్పుడు అవి జంటగా, ముక్కులు రోడ్డు వైపు తిప్పి, తన కోసం ఎదురుచూస్తున్నాయి.

"డాడీ! బూట్లెందుకు ఇప్పినవ్?"

"ఎక్కేటప్పుడు ఇప్పరా మరి?" అన్నాడతను, నిజంగా ఆశ్చర్యపోయి.

సూర్యనారాయణ గారు నుదురు కొట్టుకున్నారు. "ఏంటయ్యా ఇది! వేరేవాళ్ళు ఎక్కలేక పోగొట్టుకుంటే నువ్వు ఎక్కి పోగొట్టావు. రికార్డులో లేకపోతే బోర్డు మీద ఏమని వేయించను?"

మైదానం బయట ఇడ్లీ బండి దగ్గర తండ్రీ కూతుళ్ళు నిలబడ్డారు. యశస్విని ప్లేటు ముట్టలేదు. కోపంతో కళ్ళు ఎర్రబడ్డాయి. నర్సింహులుకు లోలోపల నవ్వో ఏడుపో తెలియనిదేదో కదులుతోంది. ఎనిమిది నెలలు ఎక్కనివాణ్ణి ఊరంతా ఎక్కుతున్నాడనే అనుకుంది. ఎక్కిన ఒక్కనాడు ఎక్కలేదని రాసింది.

"నువ్వు గట్ల ఏడ్వకు," అన్నాడు. "నీకొకటి చెప్పాలె."

చెప్పాడు. కనకయ్య పడిన రోజు నుంచి మొదలుపెట్టి, మోకాలి అబద్ధం, బీహారు పనివాళ్ళు, జేబులో చెయ్యి, అన్నీ. యశస్విని వింటూ వింటూ ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచి అట్లాగే మరిచిపోయింది.

"మరి ఇయ్యాల ఎట్లెక్కినవ్?"

"నువ్వు తిట్టినవ్ గదా."

ఆమె అతని కుడిచెయ్యిని జేబులోంచి బయటికి లాగి చూసింది. తాడు పట్టి కందిన తన చెయ్యిని దాని పక్కన పెట్టింది. "నాకు సుత వణికింది," అంది. "నువ్వు గట్ల ఆగంగనే."

ఇంటికి వెళ్ళాక సుకన్యకు చెప్పడమే అసలు గోడ అనుకున్నాడు నర్సింహులు. ఆమె బట్టల బకెట్టు ముందు పీట మీద కూర్చుని ఉంది. అతను రెండు వాక్యాలు చెప్పేసరికే చెయ్యెత్తి ఆపింది.

"నాకెర్కనే."

"ఎవరు చెప్పిన్రు? కనకన్ననా?"

"నీ అంగీలే చెప్పినయ్. ఇరవై ఏండ్లు తుప్పు మరకలు రుద్ది రుద్ది నా గోర్లు అరిగినయ్. ఎనిమిది నెలల సంది ఒక్క మరక లేదు. బట్టలు ఉతికేది ఎవరనుకున్నవ్?"

"మరి అడుగకపోతివి?"

"ఎందుకడగాలె? ఎక్కకపోతే నాకు ఫికర్ లేకుండె. నువ్వు చెప్పకపోతుంటివి, అదే ఫికర్." ఆమె సబ్బు తీసుకొని అతని పందెం బనియను తిప్పి చూసింది. తుప్పు లేదు, మట్టి మాత్రం ఉంది. "ఎక్కుతవా మల్ల?"

"ఎర్కలేదు," అన్నాడు. చాలా రోజులకు అతని నోట వచ్చిన నిజమైన జవాబు అది.

బుధవారం సూర్యనారాయణ గారి బిల్డింగు మీద కొత్త బ్యాచి బోర్డు నాలుగంతస్తుల ఎత్తున కట్టాల్సి వచ్చింది. నర్సింహులు వెళ్ళి, బెల్టూ తాడూ తెప్పిస్తేనే తన మనుషులు పైకెక్కుతారని చెప్పాడు. "ఇదేంటయ్యా కొత్తగా?" అన్నారాయన. "పాతది చూసినం గదా సార్," అన్నాడు. ఆయన గొణుక్కుంటూ తెప్పించారు. నర్సింహులు ముందుగా ఒక బెల్టు తానే బిగించుకున్నాడు. చెప్పులు విప్పి, ముక్కులు రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. రెండో అంతస్తు దాకా ఎక్కాడు. అక్కడ ఒళ్ళంతా చెమట పట్టింది. పై మనిషిని "ఉన్నవా?" అని అడిగి, జవాబు విని, కింది మూలలు రెండూ కట్టి దిగాడు. మిగిలిన రెండంతస్తులూ వాళ్ళే కట్టారు.

సాయంత్రం అంగీ విప్పి ఇచ్చాడు. సుకన్య రెండు చేతులూ పరిచి చూసింది. కుడి మణికట్టు దగ్గర తుప్పు మరక, రూపాయి బిళ్ళంత.

"గింతేనా?"

"గింతే. సగం కాడికే ఎక్కిన."

"రేపు?"

"చూడాలె," అన్నాడు. చెయ్యి ఇంకా కొద్దిగా వణుకుతూనే ఉంది. ఆమె చాయ్ గ్లాసు అందిస్తే ఆ చేత్తోనే అందుకున్నాడు. కొంత తొణికింది.